వీడియో పెట్టి వదిలేయకండి, బొమ్మ దగ్గర ఆగండి

గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో నా మొదటి ఉద్యోగం. డిజిటల్ క్లాస్‌రూం అని అప్పుడే కొత్తగా పెట్టారు, ఆ పేరు మీద ఫీజు కూడా పెంచారు, కాబట్టి రోజుకో వీడియో వేయకపోతే పిలిచి అడిగేవారు. ఏడో తరగతికి అగ్నిపర్వతాల పాఠం వచ్చింది. పదకొండు నిమిషాల వీడియో వేశాను. లావా పొంగుతుంటే పిల్లలు బల్లలెక్కి మరీ చూశారు, అయిపోగానే చప్పట్లు కొట్టారు, నేనూ ఇవాళ పాఠం అదిరిపోయిందనుకుంటూ ఇంటికెళ్లాను. మర్నాడు "నిన్న వీడియోలో ఏం చూశాం?" అంటే చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి రెండో బెంచీ కుర్రాడొకడు లేచి, "మ్యూజిక్ బాగుంది టీచర్" అన్నాడు.

స్టాఫ్‌రూంలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు, ఎయిడెడ్ హైస్కూల్లో రిటైరై వచ్చి చేరారు. నా గోడు విని నవ్వారు. "అమ్మాయ్, మా రోజుల్లో ఫిల్మ్ స్ట్రిప్ అని ఉండేది. అందులో బొమ్మ కదలదు. మనం తిప్పేదాకా అక్కడే కూర్చుని ఉంటుంది. నీ వీడియో నీకోసం ఆగదుగా!"

ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు విజయవాడలో సోషల్ చెబుతూ, కొత్తగా వచ్చిన టీచర్లు "టీఎల్ఎం (చార్టులు, బొమ్మల్లాంటి బోధన సామగ్రి) ఎలా వాడాలి మేడం, వీడియోలు ఏవి మంచివి" అని అడుగుతుంటే ముందు నోటికొచ్చేది ఆ మాటే. ఏ వీడియో అన్నది తర్వాత, దాన్ని ఎక్కడ ఆపుతావో చెప్పు.

ఫిల్మ్ స్ట్రిప్ ఎప్పుడూ చూడనివాళ్లకు రెండు ముక్కలు. కెమెరాలో వాడే 35 ఎం.ఎం. ఫిల్మే, కానీ సినిమా కాదు. ఒక్కో చుట్టలో ముప్పై నుంచి యాభై దాకా కదలని బొమ్మలు వరసగా ఉంటాయి. ప్రొజెక్టర్‌లో దూర్చి గుండీ తిప్పితే ఒక ఫ్రేమ్ పోయి ఇంకో ఫ్రేమ్ వస్తుంది. కొన్నిటికి జతగా రికార్డో క్యాసెట్టో వచ్చేది, అందులో బీప్ అని వినపడినప్పుడల్లా తిప్పాలి. 1940ల నుంచి 1980ల దాకా చాలా దేశాల క్లాసుల్లో ఇదే రాజ్యం, వీడియో క్యాసెట్ వచ్చాక మూలపడింది. బాధలు కూడా ఉండేవిలెండి. గది చీకటి చేయాలి, బల్బు వేడెక్కిపోతుంది, ఫిల్మ్ మీద గీత పడిందంటే అంతే, పైగా బొమ్మల వరస మార్చాలంటే కుదరదు. విడివిడి స్లైడ్లలో ఆ వెసులుబాటు ఉండేది. అయినా తెర మీదున్న బొమ్మ ఎంతసేపు ఉండాలో నిర్ణయించేది టీచరే, యంత్రం కాదు. మన చేతిలో ఇప్పుడు అంతకంటే వందరెట్లు మంచి పరికరాలున్నాయి, ఆ ఒక్క పనే మానేశాం.

ముందు ఆ పర్సెంటేజీల బొమ్మ మర్చిపోండి

బీఈడీ, డీఈడీ చేసినవాళ్లందరికీ ఒక త్రికోణం కంఠతా. చదివితే 10 శాతం గుర్తుంటుంది, వింటే 20, చూస్తే 30, చూసి వింటే 50, ఇలా పైనుంచి కిందికి. కింద ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త పేరు. నేనూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. డేల్ 1946లో గీసిన అనుభవాల శంకువులో అసలు అంకెలే లేవు. ఆ శాతాలు తర్వాత ఎవరో తగిలించారు, వాటి వెనక ప్రయోగమంటూ ఏదీ లేదు. అంత గుండ్రటి అంకెలు నిజం పరిశోధనలో వస్తాయా, అదైనా ఆలోచించాల్సింది మనం.

మరి బొమ్మ వల్ల లాభం లేదా అంటే ఉంది, బాగానే ఉంది. అలన్ పైవియో అనే కెనడా మనస్తత్వవేత్త 1971లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం మాట ఒక దారిలో, బొమ్మ ఇంకో దారిలో మెదడుకు చేరతాయి, రెండు దారుల్లోనూ వచ్చింది గుర్తుకు తెచ్చుకోవడం తేలిక. రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దాన్ని క్లాసు పాఠాలకు అన్వయించి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. వాటిలో మనకు రోజూ పనికొచ్చేవి మూడు. బొమ్మా మాటా ఒకేసారి రావాలి, బొమ్మ చూపించి పది నిమిషాల తర్వాత వివరిస్తే సగం పోతుంది. అందం కోసం పెట్టిన పూలూ మెరుపులూ మ్యూజిక్కూ పాఠాన్ని మింగేస్తాయి, మా రెండో బెంచీ కుర్రాడే సాక్షి. మూడోది వినగానే ఆశ్చర్యంగా ఉంటుంది: బొమ్మ మీద మనం మాట్లాడుతున్నప్పుడు అవే వాక్యాలు తెరమీద అక్షరాల్లో కూడా ఉంటే పిల్లలు తక్కువ నేర్చుకుంటారు. కళ్లు అక్షరాల వెంట పోతాయి, బొమ్మ చూసేవాడే ఉండడు. పీపీటీ నిండా పేరాలు నింపి వాటినే చదివే పాఠం ఎందుకు నిద్ర తెప్పిస్తుందో ఇందులోనే ఉంది.

ఇంకొకాయన, రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు, 1983లో అందరి మీదా చన్నీళ్లు చల్లాడు. రైతుబజారు నుంచి కూరగాయలు ఆటోలో తెచ్చినా స్కూటర్ మీద తెచ్చినా కూరలో బలం మారదుగా, ఫిల్మయినా టీవీ అయినా కంప్యూటరైనా పాఠం సంగతీ అలాంటిదే అని ఆయన వాదన (రైతుబజారు నా చేర్పు, ఆయన చెప్పింది సరుకు లారీ గురించి). పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు కానీ పరికరం కొనేముందు ఒకసారి తలుచుకుంటే డబ్బులు మిగులుతాయి. 1913లోనే ఎడిసన్, బళ్లలో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుంది, అంతా సినిమాలతోనే నేర్పుతారు అన్నాడు. నూరేళ్లు దాటింది, మనం ఇంకా పుస్తకాలకు అట్టలు వేయిస్తూనే ఉన్నాం.

ఆరు బొమ్మలు చాలు

ఒక పీరియడ్‌కి ఆరు, మహా అయితే ఎనిమిది బొమ్మలు. అంతకు మించితే మీరు పాఠం చెప్పడం లేదు, పెళ్లి ఆల్బమ్ చూపిస్తున్నారు. బొమ్మలు ఏరేటప్పుడు అందం చూడకండి. ఒక్కో బొమ్మకు ఒక్క ప్రశ్న రాసుకోండి, ప్రశ్న తట్టలేదంటే ఆ బొమ్మ ఎంత బాగున్నా తీసేయండి. "ఇదేంటి?" అనేది ప్రశ్న కాదు, దానికి పేరు చెప్పి కూర్చుంటారు. "ఇలాగే ఎందుకుంది?", "ఇది తీసేస్తే ఏమవుతుంది?", "ఇందులో తప్పేముంది?", ఇవీ ప్రశ్నలంటే.

పేర్లు, బాణాలు, శీర్షికలు కప్పేయండి. చార్టు మీదైతే కాగితం ముక్క అంటించండి, ఫోన్లోనో క్లాసులోని డిజిటల్ ప్యానెల్‌లోనో అయితే క్రాప్ చేయండి. పేరు కనపడిందంటే పిల్లవాడు బొమ్మ చూడ్డం మానేసి పేరు చదివేస్తాడు.

బొమ్మ పెట్టాక ఇరవై సెకన్లు మీరు మాట్లాడకండి. అన్నిటికంటే కష్టం ఇదే. మన వృత్తిలో మౌనం అలవాటు లేదు, రెండు సెకన్లకే టెన్షన్ వచ్చి మనమే జవాబు చెప్పేస్తాం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు ప్రశ్న వేశాక ఆగుతున్నది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితేనే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా నోరు తెరిచారు. బొమ్మకైతే ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ముందు కళ్లు తిరగాలి. నేనైతే మనసులో ఇరవై దాకా లెక్కపెడతాను. కొన్నిసార్లు పదహారు దగ్గరే నోరు జారుతుంది.

ఆ తర్వాత వరస ఇది: వాళ్లేం చూశారో చెప్పించండి, ఎందుకో చెప్పించండి, అప్పుడు మీరు చెప్పండి, బొమ్మ తీసేయండి, తీసేశాక నోటుబుక్కులో గీయమనండి. ఆ గీయించడం వదిలేస్తే మొత్తం వృథా. చూసి గీస్తే అది నకలు, చూడకుండా గీసినప్పుడే ఏది బుర్రలోకి వెళ్లిందో వాడికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది.

మా బ్యారేజీ పాఠం

ఉదాహరణకు నేను ప్రకాశం బ్యారేజీకి వాడే ఆరు బొమ్మలు. పిల్లలు రోజూ బస్సులో దాని మీదుగా పోతుంటారు, అందుకే ఒక్కరూ సరిగ్గా చూసి ఉండరు.

మొదటిది నేనే చాక్‌పీసుతో బోర్డు మీద గీస్తాను. మధ్యలో నది, ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, ఇంకేం లేదు. "మీరే ఇంజనీర్లు. నదికి అడ్డంగా గోడ కట్టాలి, ఎక్కడ కడతారు?" అంటే ఒక్కొక్కరూ వచ్చి గీత పెడతారు. ఎవరో ఒకరు కొండల మధ్య పెట్టి "ఇక్కడైతే తక్కువ కట్టొచ్చు టీచర్" అంటారు, అక్కడితో సగం పాఠం అయిపోయినట్టే. రెండోది పాత ఆనకట్ట బొమ్మ, 1852లో మొదలెట్టి 1855కి పూర్తి చేసినది. మూడోది 1952లో అది తెగినప్పటిది. ఇది కూడా బోర్డు మీదే, గీసిన గోడలో వేలితో ఒకచోట తుడిచేస్తాను, అంతే, క్లాసంతా "హా" అంటుంది. ఏ యానిమేషనూ ఆ పని చేయదు. నాలుగోది 1957లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ ఫొటో, 70 గేట్లు, 1223 మీటర్ల పైచిలుకు పొడవు. ఈ అంకెలు చివర్లో చెబుతాను. ముందు అడిగేది "గేట్లు ఎత్తి ఉన్నాయా, దించి ఉన్నాయా? అయితే ఇది ఏ నెల అయ్యుంటుంది?" అని. ఐదోది కాలువల మ్యాపు, పేర్లు కప్పేసి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊళ్లోంచే పోతాయి కాబట్టి "మీ ఇంటికి దగ్గర్లో ఉన్నది ఏది, వేలు పెట్టి చూపించు" అంటే తోసుకుంటూ వస్తారు. ఆ వేలు అక్కణ్నుంచి కాలువ వెంట పొలాల వైపు జరగాలి. అవతలి ఒడ్డున కాలువ గుంటూరు, బాపట్ల పొలాలకు ఎలా పోతుందో కూడా అదే వేలితో.

ఆరోది 2024 సెప్టెంబరు వరద ఫొటో. పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోతున్నప్పటిది. మొదటిసారి ఇది చూపించినప్పుడు నేనే తొందరపడి, "ఈ నీళ్లే కదా మన ఊళ్లో సింగ్‌నగర్‌లోకి వచ్చి ముంచింది" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. మామూలుగా నోట్లోంచి మాట రాదు ఆ పిల్లకి.

"కాదు టీచర్. మాకు అటు నుంచి రాలేదు."

"మరి?"

"బుడమేరు నుంచి వచ్చింది. మా నాన్న చెప్పాడు, నేనూ చూశాను, ఇటు నుంచి."

చాక్‌పీసు చేతికిచ్చాను. బోర్డు మీద కృష్ణకు ఉత్తరంగా ఒక వంకర గీత గీసింది, పక్కన చిన్న డబ్బా గీసి "ఇది మా ఇల్లు" అంది, గీతలోంచి డబ్బాలోకి బాణం పెట్టింది. ఆ పిల్ల చెప్పిందే కరెక్టు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు కొల్లేరుకు పోతుంది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపే కాలువ ఉంది, అది కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా ఉంటే ఆ మళ్లింపు నీళ్లు నదిలోకి సులువుగా దిగవు. అప్పుడే గట్లకు గండ్లు పడి ఊరి మీద పడ్డాయి. ఆ రోజు వీడియో నడుస్తూ ఉంటే ఆ చెయ్యి లేచేది కాదు, లేచినా నేను "తర్వాత అడుగమ్మా" అనేదాన్ని. ఇప్పుడు నా ఆరో బొమ్మ పక్కన ఏడోది ఉంది, ఆ అమ్మాయి మ్యాపు. కాకపోతే ఒక జాగ్రత్త. ఇలాంటి ఫొటో పెట్టేముందు ఆ ఇళ్ల పిల్లల్ని పక్కకు పిలిచి "రేపు వరద గురించి చెప్తాను, ఫర్వాలేదా" అని అడగండి. పుస్తకాలు, బట్టలు, కొందరికి అంతకంటే ఎక్కువే పోయాయి, వాళ్లకది పాఠం మాత్రమే కాదు.

వీడియో ఎప్పుడు వేయాలి

కదలికే పాఠమైనప్పుడు. లావా ఎలా పారుతుంది, గుండె కవాటం ఎలా తెరుచుకుంటుంది, ఆటుపోట్లు, ఇలాంటివి బొమ్మలో చూపించలేం. కోట గోడలు, శాసనాలు, మ్యాపులు, పంటలకు వీడియో దండగ, ఉండవల్లి గుహల మీద డ్రోను ఎగిరితే మనకు బాగుంటుంది కానీ పిల్లవాడికి స్తంభం ఎలా ఉందో చూసే టైమ్ దొరకదు.

వేస్తే మూడు నాలుగు నిమిషాల ముక్క వేయండి. ముందురోజే చూసి ఆపాల్సిన చోట్లు నిమిషం, సెకనుతో సహా కాగితం మీద రాసుకోండి. మొదటిసారి సౌండ్ తీసేసి వేయండి. మన పిల్లలకు ఆ ఇంగ్లిష్ వ్యాఖ్యానం ఎలాగూ సగం అర్థం కాదు, మీరే తెలుగులో చెప్పండి, "ఇప్పుడు ఏమవుతుందో చెప్పండి" అని ఆపండి. రెండోసారి సౌండుతో వేస్తే అప్పుడు వాళ్లు మీ మాటను అందులో వెతుక్కుంటారు. యూట్యూబ్ నేరుగా క్లాసులో తెరవకండి, నెట్ ఆగుతుంది, మధ్యలో ఏ చీరల ప్రకటనో వస్తుంది, క్లాసు చెయ్యిజారుతుంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న పాఠాలకు కేంద్ర ప్రభుత్వ దీక్ష యాప్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సైన్సువాళ్లకైతే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద చేసే నమూనా ప్రయోగాలు) ఉచితం, పిల్లవాడే మీటలు జరిపి చూస్తాడు కాబట్టి వీడియో కంటే అవి నయం.

తెర ఎంత, క్లాసు ఎంత

దీనికి పాతకాలపు లెక్క ఒకటుంది, ఇప్పటికీ తిరుగులేదు. తెర వెడల్పుకు రెండింతల కంటే దగ్గరగా ఎవరూ కూర్చోకూడదు, ఆరింతల కంటే దూరంగా ఎవరూ కూర్చోకూడదు. నాడు–నేడు (ప్రభుత్వ బడులు బాగుచేసే పథకం) పనులు జరిగిన హైస్కూళ్లలో పెట్టిన ఐఎఫ్‌పీ, అంటే ఆ డిజిటల్ ప్యానెల్, 65 అంగుళాలదైతే వెడల్పు సుమారు 4.7 అడుగులు, అంటే 28 అడుగుల దాకా ఫర్వాలేదు. 43 అంగుళాల టీవీ అయితే పద్దెనిమిది అడుగులే. ల్యాప్‌టాప్ ఏడడుగులు కూడా రాదు. ఫోను మూడడుగులు, కాబట్టి నలభై మందికి ఫోను ఎత్తి "కనపడిందా?" అని అడగడం ఎవర్ని మోసం చేయడమో మీకే తెలుసు. అందరూ "కనపడింది టీచర్" అనే అంటారు.

పడమటి కిటికీలున్న గదిలో మధ్యాహ్నం పీరియడ్ పెట్టకండి, ప్యానెల్ మీద బొమ్మ బదులు కిటికీ కనపడుతుంది. ఎక్కడ గ్లేర్ వస్తుందో తెలియాలంటే క్లాసుకు ముందు వెళ్లి నాలుగు మూలలా బెంచీల్లో మీరే కూర్చుని చూడండి. రెండు నిమిషాల పని. మ్యాపుల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి, మగపిల్లల్లో కొందరికి ఆ తేడా తెలియదు, తెలియదని వాళ్లకే తెలియదు.

కరెంటు పోయినా నడిచే ఫిల్మ్ స్ట్రిప్

ఇది నాకు ఇష్టమైన భాగం. అట్టపెట్టె టీవీ అంటాం. టీఎల్ఎం మేళాల్లో చూసే ఉంటారు, కానీ అక్కడ పెట్టేవి అలంకారానికి, మెరుపు కాగితాలతో. మామూలుది ఇలా చేయండి.

ఎలక్ట్రికల్ షాపులోనో బట్టల కొట్లోనో గట్టి అట్టపెట్టె అడగండి, వెడల్పు కనీసం పద్దెనిమిది అంగుళాలు ఉండాలి. ముందువైపు 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు కిటికీ కోయండి. డ్రాయింగ్ చార్టు పూర్తిది 22 అంగుళాలు, 28 అంగుళాలు ఉంటుంది. దాన్ని పొడవునా రెండుగా కోస్తే 11 అంగుళాల ఎత్తున్న పట్టీ వస్తుంది, ఒక్కో పట్టీ మీద 14 అంగుళాల ఫ్రేములు రెండు పడతాయి. రెండు చార్టులకు ఎనిమిది ఫ్రేములు. పట్టీలను వెనకవైపు బ్రౌన్ టేపుతో కలపండి, ముందువైపు వేస్తే మెరుస్తుంది. మొదట్లోనూ చివర్లోనూ అడుగున్నర ఖాళీ కాగితం ఉండాలి, లేకపోతే మొదటి బొమ్మ కర్రకే చుట్టుకుపోతుంది. కర్రలకు వైరింగ్‌కి వాడే పీవీసీ పైపు ముక్కలు రెండు, పెట్టె ఎత్తు కంటే మూడు నాలుగంగుళాలు ఎక్కువ. పెట్టెకు పైనా కిందా, కిటికీకి అటూ ఇటూ కంతలు చేసి పైపులు నిలువుగా దూర్చండి. పట్టీ చివర్లు పైపులకు అంటించి, మొత్తం ఒకదానికి చుట్టేసి, రెండోది తిప్పుతూ పోవడమే.

బొమ్మలకు లావు మార్కరే వాడండి. నేను మొదటిసారి క్రేయాన్లతో వేశాను, చుట్టి రెండు రోజులుంచేసరికి గోదావరి రంగంతా దాని వెనక వేసిన కాగితానికి అంటుకుంది. ఫ్రేము మీద అక్షరాలు రాయకండి, ప్రశ్న వెనకవైపు రాసుకోండి, తిప్పేది మీరే కాబట్టి మీకు కనపడుతుంది.

ఇక ఆ ఆరింతల లెక్క దీనికీ వర్తిస్తుంది. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది, అంటే ఆరున్నర అడుగులు. కాబట్టి ఇది పది పన్నెండు మందికే, కింద చాప మీద కూర్చోబెట్టి. మిగతా క్లాసుకు రాత పని ఇచ్చి గుంపులుగా పిలవండి. నాలుగో గుంపు వచ్చేసరికి మొదటి గుంపులోని పిల్లలే తిప్పుతూ కథ చెబుతుంటారు, మీరు వెనక్కి జరిగి వినండి. అప్పుడే తెలుస్తుంది మీరు ఎక్కడ సరిగ్గా చెప్పలేదో.

బొమ్మ అబద్ధం చెప్తుంది

దీని గురించి ట్రైనింగుల్లో ఎవరూ మాట్లాడరు. మా బయాలజీ మేడం గుండె చార్టు వేలాడదీస్తే చెడు రక్తం నీలంగా ఉంటుందని క్లాసులో సగం మంది నమ్మారు. ఆక్సిజన్ తగ్గిన రక్తం కూడా ఎరుపే, కాస్త ముదురు, అంతే. చార్టులో నీలం గుర్తు కోసం. ఆ మాట చెప్పకపోతే బొమ్మే గెలుస్తుంది. గోడ మ్యాపులో గ్రీన్‌లాండ్ చూసి అది ఇండియా కంటే ఎంతో పెద్దదనుకుంటారు. నిజానికి అది సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్లు, మనది 33 లక్షలు. గ్లోబు పక్కన పెట్టకుండా ఆ మ్యాపు చూపించకూడదు.

అన్నిటికంటే ఘోరం రుతువుల బొమ్మ. సూర్యుడి చుట్టూ కోడిగుడ్డులా సాగదీసిన కక్ష్య గీస్తారు, పిల్లవాడు చూసి సూర్యుడికి దగ్గరగా వెళ్తే ఎండాకాలం, దూరం పోతే చలికాలం అని తనే అర్థం చేసుకుంటాడు. మేలో బెజవాడ ఎండలో నిలబడి కూడా. అసలు సంగతేంటంటే భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జూలై మొదట్లో, 15.2 కోట్లు. సంక్రాంతి ముందు మనం దుప్పటి కప్పుకునేటప్పుడే దగ్గరున్నాం. ఈ అంకెలు బోర్డు మీద వేసి బొమ్మ పక్కన పెట్టి "ఇందులో తప్పేముంది?" అని అడగండి. తర్వాత కిటికీలు మూసి టార్చి తీసుకోండి. బల్ల మీద నిటారుగా వేస్తే గుండ్రటి చిన్న వెలుగు, వాల్చి వేస్తే సాగిపోయి పల్చబడిన వెలుగు. అంతే రుతువులు, 23.5 డిగ్రీల వాలు ఆ తర్వాత చెప్పొచ్చు.

దీనికి కొసరు ఒకటుంది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మొదటివారంలోనూ ఆగస్టు మొదటివారంలోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. మేలో సెలవులు. ఆగస్టులో మబ్బు లేని రోజు దొరికితే పన్నెండుంబావు ప్రాంతంలో ఆవరణలో నిటారుగా ఒక కర్ర పాతి పిల్లల్ని చుట్టూ నిలబెట్టండి. నీడ కర్ర మొదట్లోకి పోయి మాయమవుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అలాగే కొండపల్లి బొమ్మల ఎడ్లబండి ఒకటి, గుంటూరు యార్డు నుంచి తెచ్చిన నాలుగు రకాల ఎండుమిర్చి, ఇలాంటివి ఉంటే వాటి ఫొటో ఎందుకు? (మిర్చి ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోవద్దని ముందే చెప్పండి, నేను చెప్పలేదు, అనుభవించాను.)

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

చప్పట్లను నమ్మకండి. రెండు సెక్షన్లుంటే చిన్న పరీక్ష పెట్టుకోండి. 'ఏ' సెక్షన్‌లో వీడియో ఏకబిగిన, 'బీ' సెక్షన్‌లో అదే వీడియో నుంచి తీసిన ఆరు బొమ్మలు ఆపి ఆపి. వారం తర్వాత, ముందు చెప్పకుండా, రెండు చోట్లా ఒకే ఐదు ప్రశ్నలు: రెండు పేర్లో సంవత్సరాలో, రెండు "ఎందుకు", ఒకటి బొమ్మ గీయడం. తర్వాతి పాఠానికి సెక్షన్లు తారుమారు చేయండి, ఎవరికీ అన్యాయం జరగదు. నేను రెండుసార్లు చేశాను. పేర్ల దగ్గర తేడా పెద్దగా కనపడలేదు. "ఎందుకు" దగ్గర, గీయడం దగ్గర ఆపి చెప్పిన సెక్షనే ముందుంది. ఇద్దరికీ చెప్పింది నేనే, ఆపి చెప్పడం నాకిష్టం కాబట్టి హుషారు కూడా అక్కడ ఎక్కువై ఉంటుంది, అందుకే నా మాట మీద కాకుండా మీ క్లాసులో చేసి చూడండి.

మర్నాడు అడిగే ప్రశ్న ఒక్కటి మాత్రం మానకండి, నా పదకొండు నిమిషాల వీడియో గుట్టు బయటపెట్టింది అదే. పీరియడ్ మొదట్లో బోర్డు ఖాళీగా ఉంచి, "నిన్నటి మూడో బొమ్మ ఎవరు గీస్తారు?" అనండి. ఒకరు గీస్తారు, ఇంకొకరు వచ్చి దిద్దుతారు, ఐదు నిమిషాల్లో పాత పాఠం మళ్లీ బోర్డు మీద ఉంటుంది.

ఇక పట్టీలు దాచడం. ఏప్రిల్ చివర చుట్టి బీరువా మీద పెట్టి వెళ్లేటప్పుడు రబ్బరు బ్యాండ్లు వేయకండి. మన ఎండలకి జూన్‌లో తెరిచేసరికి అవి కరిగి కాగితానికి అతుక్కుపోయి ఉంటాయి, లాగితే ఆనకట్ట తెగినట్టు చార్టు తెగుతుంది. పాత లంగా నాడా ముక్కతో కట్టి, రెండు కలరా ఉండలు వేసి, తరగతి, పాఠం పేరు బయటికి కనపడేట్టు రాసి పెట్టండి.